తాయారు కొత్త కత్తి

విజయనగరంలో స్టీలు సామాన్ల కొట్లో తాయారు ఒక్కో కత్తినీ చేతిలోకి తీసుకుని, పెదవి విరిచి పక్కన పెట్టేస్తోంది. కాపరానికొచ్చిన నాటినుంచీ కత్తిపీట ముందు కూర్చునే కూరలు తరిగిన మనిషి. మోకాళ్లు అరిగాయి, కింద కూర్చోవద్దని డాక్టరు చెప్పిన రోజే కోడలు సింధు ఆ కత్తిపీటని అడక్కుండా అటకెక్కించేసింది. అప్పట్నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. ఇక్కడా సింధు పక్కనే నిలబడి ఉన్నా తాయారు కొట్టాయనతోనే మాట్లాడుతోంది. సంచీలోంచి నీళ్ల సీసా తీసి అరచెయ్యి తడుపుకుని, పిడి బిగించి చూసింది. "వంటింట్లో సెయ్యి పొడిగా ఎప్పుడుంటాది బాబూ? జారిందంటే ఏలు తెగుతాది." కత్తి రేకు పిడి లోపల చివరిదాకా దిగిందో లేదో చూసింది. పదును బొటనవేలి గోటికి ఆనించి చూసింది. చివరికి జానెడు కత్తి ఒకటి పట్టుకుని ఆగిపోయింది.

చూద్దామని సింధు భయంభయంగా చెయ్యి చాపింది. తాయారు ఆ చేతిని చూసింది గానీ కత్తి ఇవ్వలేదు. కోడలి మొహం మాడిపోయింది. కొట్టాయన తల దించుకున్నాడు. తాయారు కత్తిని బల్లమీద పెట్టి, పిడి సింధు వైపు తిప్పింది.

"సేతికిస్తే తగువొస్తాదే. అక్కణ్ణుంచి తీసుకో. నీ సేతికీ అమరాలి కదా," అని నీళ్ల సీసా కూడా ఆమె వైపు జరిపింది.