నేను చూపించని రెండో గ్రాఫు

పదకొండేళ్లుగా ఒక గ్రాఫును దాచుకుని బతికాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం అడగకండి. ఆమెను అక్క అంటాను. అప్పుడూ అలాగే పిలిచేదాన్ని.

అక్క ల్యాబులో నాకు సీనియర్, నల్లకుంట వాళ్లమ్మాయి. నేనేమో అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకు చదివే అమ్మాయిలతో గది పంచుకుని పీహెచ్‌డీ వెలగబెడుతుండేదాన్ని. వస్తువు పైపొరలో ఏ అణువులున్నాయో వాటి బరువును బట్టి చెప్పే యంత్రం మాది. పరీక్షించే ఒక్కో ముక్కకు గ్రాఫు మీద వందల పీక్‌లు వస్తాయి, ఒక్కో రకం అణువుకు ఒక్కో శిఖరం. వాటిని చదవడం నాకు నేర్పింది అక్కే, పక్కన కూర్చుని, విసుక్కోకుండా, తన టిఫిన్‌లో సగం నాకు పెట్టి. ఆమె లేకపోతే నాకు ఈ విద్యే లేదు.

గుండెలో వేసే స్టెంట్ల కోసం, రక్తం గడ్డకట్టకుండా, అక్క ఒక పూత తయారుచేసింది. పూత వేసిన లోహపు ముక్కలకూ వేయనివాటికీ తేడా ఏమిటో ఆ పీక్‌లన్నిటినీ కలిపి స్టాటిస్టిక్స్‌తో తేల్చడం నా పని. మొదటి గ్రాఫులో రెండు గుంపులూ ఎంత చక్కగా విడిపోయాయో! ల్యాబంతా చప్పట్లు. వాటిని విడదీసిన పీక్‌లేవో చెప్పేది రెండో గ్రాఫు. అది నేను మర్నాడు గానీ చూడలేదు. అందులో పూత జాడే లేదు. అంతా సిలికోన్.

ఎక్కడిది? పూత లేని ముక్కలను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టాను. ఫాయిల్ అయిపోతే, పూత వేసినవాటిని నారాయణగూడ మార్కెట్లో కొన్న నా లంచ్ బాక్సులో పెట్టాను. దాని మూతకు సిలికోన్ రబ్బరు అంచు. యంత్రం పట్టుకున్నది పూతను కాదు, నా డబ్బాను.

అప్పుడే చెప్పి ఉంటే? నవ్వులపాలయ్యేదాన్ని, అంతే. ఎందుకు నోరు మెదపలేదు? భయమా, చప్పట్ల రుచా? రెండూ అనుకుంటాను. రిపోర్టులో మొదటి గ్రాఫు ఒక్కటే పెట్టాను.

పూత అతుక్కుందని నమ్మి అక్క రెండేళ్లు దాని మీదే పనిచేసింది. ఒక్క ప్రయోగమూ ఫలించలేదు. ఒకరోజు చిక్కడపల్లిలో బస్సు కోసం నిలబడినప్పుడు అడిగింది.

"నా చెయ్యే మంచిగ లేదేమోనే. నీ గ్రాఫుల ఏమన్న తప్పుందా? జర మల్ల చూడు."

"లేదక్కా, అంతా కరెక్టే."

"గట్లనా. అయితే తప్పు నాదే."

అక్క పీహెచ్‌డీ మానేసింది, ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పుకుంటోంది. ఇప్పుడు నేను చేస్తున్న ఉద్యోగానికి నా పేరు సిఫారసు చేసింది కూడా ఆమేనని తర్వాత తెలిసింది. అలాంటి మనిషి దొరకడం నా అదృష్టం. నేను దొరకడం ఆమె ఖర్మ.

నిన్న ఫోన్ చేసి అంతా చెప్పేశాను. "క్లాసుంది, పోతున్న" అంది. క్షమించిందో లేదో తెలియదు, అడిగే హక్కూ నాకు లేదు. పెట్టేసేలోపు, నేర్పినదానికి థాంక్స్ అక్కా అన్నాను. ఇదివరకు ఎన్నోసార్లు అన్న మాటే. అబద్ధం కలవకుండా అనడం ఇదే మొదటిసారి.