ఖాజాగూడ చెరువులో ఎగిరిన పాము

ఆ శనివారం తెల్లవారుతుండగా దీపం పెట్టి, పాలు పొయ్యి మీద పెట్టానో లేదో తమ్ముడి ఫోన్. "అక్కా, అమ్మ మళ్ల అదే మాట. చెరువుల పాము ఈదిందట, చేపను మింగిందట, రెక్కలు విప్పి ఎగిరిపోయిందట! సోమవారం దవాఖానకు తీస్కపోత. ఇగ ఒక్కదాన్ని బయటికి పంపను." అమ్మ పుప్పాలగూడలో వాడి దగ్గరే ఉంటుంది. పొద్దున్నే ఒక్కతే చెరువు దాకా నడిచి రావడం ఒక్కటే ఆమెకు మిగిలిన సొంత పని. "నేను వచ్చేదాక ఆగు. అమ్మను తీస్కొని చెరువు కాడికి రా" అన్నాను. పొయ్యి ఆపి, దేవుడికి దండం పెట్టుకుని బయలుదేరాను.

శేరిలింగంపల్లిలో ఆరింటికి బస్సెక్కితే గచ్చిబౌలికి అరగంట. అక్కడి నుంచి చెరువుకు ఆటో అతను నూట ఇరవై అడిగి, వందకు ఒప్పుకున్నాడు. "గింత పొద్దుగాల చెరువు కాడ ఏం పని అమ్మా?" అన్నాడు. "పామును చూద్దామని" అన్నాను. అద్దంలో నన్నొకసారి చూశాడు. బండి వేగం పెంచాడు.

అమ్మ, తమ్ముడు గట్టు మీద ఉన్నారు. "నువ్వు గూడ నన్ను పరీక్ష చెయ్యనీకె వచ్చినవా బిడ్డా?" అంది అమ్మ. "చూడనీకె వచ్చిన" అన్నాను. ముప్పావుగంట గడిచింది. అమ్మ నా మణికట్టు నొక్కింది. నీళ్లలో సన్నని గోధుమరంగు మెడ, వంకర తిరుగుతూ వస్తోంది. దాని వెనక ఒళ్లు లేదు. తమ్ముడు రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, పామే!"

అది మునిగి, ముక్కుకు చేపను గుచ్చుకుని తేలింది. ఎగరేసి మింగింది. తర్వాత బండ మీదికెక్కి, నల్లని రెక్కలు రెండూ ఎండకు ఆరబెట్టుకుంది.

వల సర్దుతున్న జాలరి నవ్వాడు. "పాము గాదు సార్, పాముపిట్ట. ఒళ్లంత నీళ్లల్ల దాసి మెడ ఒక్కటే బయట వెడ్తది. గందుకే మా తాతలు గా పేరు పెట్టిన్రు. నన్నడిగితే చెప్పకపోదునా అవ్వా?"

"నువ్వు వల మీదికెల్లి తల లేపితే గద!" అంది అమ్మ.

అమ్మ చూసింది చూసినట్టే చెప్పింది. ఆమెకు తెలియనిది పేరొక్కటే. మేమేమో ఆమె మతినే అనుమానించాం. ఆ ఒడ్డునే మనసులో తప్పు ఒప్పుకున్నాను. ఆ పిట్టను చూడడానికి వెళ్లేవారు ఏడింటిలోపు చేరి, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. ఎదురెండలో ఆ మెడ కనిపించదు.

సాయంత్రం తమ్ముడి ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాం. దవాఖాన మాట లేదు. అమ్మ నడక ఎప్పటిలాగే, ఒక్కతే. ఆదివారాలు మాత్రం తమ్ముడు కూడా వస్తానన్నాడు. అమ్మ ఒప్పుకుంది, వాడు ఫోన్ ఇంట్లో పెట్టి రావాలన్న షరతు మీద.