ఏడింటి గోలీ

ఇది ఒక పులి కథ. ఆ పులి చావుతో ఏండ్ల తరబడి కొట్లాడింది, దాని కోసం ఒక నిండు ప్రాణం బలైపోయింది, ఒక మొండి మనిషి మనసు కరిగిపోయింది. ఇంత చెప్పాక నిజం కూడా చెప్పాలి. పులి అంటే మా కుక్క, దాని పేరు టైగర్. బలైన నిండు ప్రాణం ఒక కోడిపెట్ట. మొండి మనిషి మా బాపు. ఆయన మనసు కరిగిందని నేనంటున్నాను గానీ, ఆయన్నే అడిగితే ఒప్పుకోడు.

మొన్న బాపుకు కొత్త ఫోను కొన్నాం. పాత దాని అద్దం ఎంత పగిలిందంటే, ఎవరు ఫోన్ చేస్తున్నారో కనబడక అందరినీ ఒకే తీరుగా "ఎవరూ?" అని కసిరేవాడు. నేను అరుగు మీద కూర్చుని నంబర్లన్నీ కొత్త ఫోనులోకి ఎక్కిస్తుంటే, మంచం మీది నుంచి బాపు, "గా ఏడింటి గంట గూడ దీంట్ల పెట్టురా" అన్నాడు. పాత ఫోనులో చూశాను. పొద్దున ఏడింటికొకటి, సాయంత్రం ఏడింటికొకటి, రెండు అలారాలు. వాటి కింద ఒకప్పుడు నేనే కొట్టిపెట్టిన పేరు: టైగర్ గోలీ. టైగర్ పోయి ఏడాది దాటింది. రెండు గంటలనూ కొత్త ఫోనులోకి ఎక్కించాను. మా ఇంట్లో ఇలాంటి సమయాల్లో ఎవరూ ఏమీ అనరు. అంటే బాపు తల్లి, మా అవ్వ ఏడుస్తుంది, అవ్వ ఏడిస్తే వంట ఆలస్యమవుతుంది.

మాది కొత్తకోట నుంచి కొంచెం లోపలికి ఉండే ఊరు. టైగర్‌కు నాలుగేండ్లప్పుడు రోగం బయటపడింది. అప్పటిదాకా దానికున్న రోగాలు రెండే: కోళ్లంటే భయం, బాపు తుమ్మితే భయం. ఒకనాడు పొద్దున వాకిట్లో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయి, కాళ్లు కొట్టుకుంటూ నోట్లోంచి నురగ కక్కింది. అవ్వ "ఇనుము పెట్టుండ్రి, ఇనుము!" అని కేకేసింది. మూర్ఛ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టడం మా వైపు ఆచారం. టైగర్‌కు చెయ్యి లేదన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఇంట్లో ఉన్న ఇనుమంతా వాకిట్లోకి వచ్చింది. అవ్వ తాళాల గుత్తి, అమ్మ కొడవలి, బాపు బండి తాళంచెవి తెచ్చారు. నాకేమీ దొరక్క పానా తెచ్చాను. రెండు నిమిషాల్లో ఫిట్స్ దానంతటదే తగ్గింది. టైగర్ లేచి, చుట్టూ ఉన్న సామాను చూసి, మేం వెల్డింగ్ దుకాణం పెట్టామనుకుందో ఏమో, పక్కనుంచి జాగ్రత్తగా నడిచి పోయి నీళ్లు తాగింది. పేరు మాత్రం తాళంచెవులకు వచ్చింది. ఆ గలాటాలో పోయిన బండి తాళంచెవి మూడు రోజుల దాకా దొరకలేదు.

"కుక్కకు దవాఖానేందిరా? నాకు జరమొస్తేనే నేను పోను" అన్న బాపు, అదే నెలలో మూడోసారి ఫిట్స్ వచ్చేసరికి తనే బండి బయటికి తీశాడు. గోనెసంచిలో టైగర్‌ను కూర్చోబెట్టి ఇద్దరి మధ్యా పెట్టుకున్నాం. అది బాపు భుజం మీద తల ఆనించి, హైవే మీద పోయే బస్సులన్నింటినీ పెండ్లికి పోతున్నట్టు చూసింది. పశువుల దవాఖానలో మాకు ముందు రెండు బర్రెలు, ఒక మేక. మా వంతు రాగానే డాక్టరు ముందుగా తాళాల వైద్యం బందు పెట్టించాడు. "పక్కకు పండబెట్టి ఊకుండుండ్రి, గంతే. ఇది నయమయ్యేది కాదు, అదుపుల ఉండేది. పొద్దుగాల ఏడింటికో గోలీ, పొద్దుమీకి ఏడింటికో గోలీ, బతికినన్నాళ్లు. నడుమ ఆగిందనుకో, ఒకదాని మీద ఒకటొస్తయి. అప్పుడు నా చేతుల గూడ ఉండదు."

"బతికినన్నాళ్లా?" అన్నాడు బాపు. బతికినన్నాళ్లూ చేస్తానని ఆయన అప్పటిదాకా ఒప్పుకున్న పని వ్యవసాయం ఒక్కటే. అది కూడా ఎవరో అడిగితే ఒప్పుకున్నది కాదు.

వెన్నపూస రాసిన జొన్నరొట్టె ముక్కలో గోలీ దాచి పెట్టేవాళ్లం. రెండు నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఫిట్స్ మళ్లీ మొదలయ్యాయి. అవ్వ దిష్టి అన్నది, నేను గోలీలు నకిలీవన్నాను. ఆ గొడవలోనే ఒక ఆదివారం అవ్వ పెంచే ఎర్రపెట్ట మూలకు నిలబడి జోగడం మొదలుపెట్టింది. "తెగులు తలిగిందిరో! ఒక్కదానితోటి పోతదా, గంప కిందియన్ని పోతయి" అని అవ్వ నెత్తి కొట్టుకుంది. మా ఊళ్లో జోగే కోడిని దవాఖానకు తీసుకుపోరు, కుండలో వేస్తారు. మధ్యాహ్నానికల్లా కూరైంది. కూర బాగుంది. తిన్నాక అందరం పొద్దుమీకే దాకా మొద్దునిద్ర పోయాం. అది కోడి మహిమో ఆదివారం మహిమో ఇప్పటికీ చెప్పలేను.

ఆ సాయంత్రం టైగర్‌కు వరసగా మూడుసార్లు ఫిట్స్ వచ్చింది. బాపు దాన్ని పక్కకు పండబెట్టి, డొక్క మీద అరచెయ్యి పెట్టి కూర్చున్నాడు. మూడోసారి తగ్గాక అది లేచి, మమ్మల్ని గుర్తుపట్టక, గోడకు తల కొట్టుకుంటూ తిరిగింది. "గోలీ ఏస్తనే ఉన్నం గదరా. ఒక్క పూట గూడ తప్పలే. ఇంకేం జెయ్యాలె?" అన్నాడు బాపు. జవాబు ముందే తన దగ్గర పెట్టుకోకుండా ఆయన నన్ను అడిగిన ప్రశ్న నాకు తెలిసి అదొక్కటే.

జవాబు మర్నాడు పొద్దున ఏడింటికి నల్లపెట్ట దగ్గర దొరికింది. నేను నీళ్ల గోళెం దగ్గర పండ్లు తోముకుంటున్నాను. బాపు ఇచ్చిన రొట్టె ముక్క నోట కరుచుకుని టైగర్ గడ్డివాము వెనక్కి నడిచింది. వెన్న నాకింది, రొట్టె నమిలింది, గోలీని మాత్రం ఎంతో మర్యాదగా నేల మీద పెట్టింది. రేషన్ దుకాణం ముందు నిలబడ్డట్టు అక్కడే కాచుకుని ఉన్న నల్లపెట్ట టక్కున పొడుచుకుని మింగింది. బ్రష్షు నోట్లో ఉండగానే చేతులూపుతూ అరిచాను. నా నోటి నిండా నురగ చూసి అవ్వ తాళాలు పట్టుకుని ఉరికి వచ్చింది.

నేను నోరు కడుక్కుని అంతా చెప్పాక అవ్వ తాళాలు నడుముకు దోపుకుంది. "అయితే ఎర్రపెట్టకు ఏ రోగం లేకుండెనా?"

"లేకుండె అవ్వా. మందుకు జోగింది, గంతే."

"అయ్యో, మస్తు గుడ్లు పెడుతుండె గదరా."

ఆ రోజు నుంచి గోలీ పని బాపు సొంతమైంది. మంచం మీద కూర్చుని, ఎడమ చేత్తో టైగర్ దవడ పట్టి, గోలీని నాలుక మొదట్లో వేసి, నోరు మూసి, గుటక పడేదాకా గొంతు నిమిరేవాడు. అది గుటక వేయడానికి బాగా టైం తీసుకునేది. ఊరికే ఉండలేక దానితో ముచ్చట పెట్టేవాడు. పల్లికాయ ధర, బోరులో నీళ్లు, తన తమ్ముడి తిక్క, అన్నీ దానికే చెప్పేవాడు. ఇంటి సంగతులు మేం చాలా వరకు గోడ ఇవతల నిలబడి అట్లా తెలుసుకున్నవే. చుట్టాల పెండ్లిలో పొద్దుమీకి ఏడు కావస్తుంటే సగం భోజనంలో లేచి వచ్చేవాడు. ఎందుకని అడిగితే "మోటరు బందు జెయ్యాలె" అనేవాడు. ఆ టైముకు మా చేనుకు కరెంటే ఉండేది కాదు. ఐదారేండ్లు ఇదే సాగింది. ఫిట్స్ ఎప్పుడో ఏడాదికొకటి. చివరికి టైగర్ ఫిట్స్‌తో పోలేదు. ముసలితనంతో, ఒక మధ్యాహ్నం, ఆ మంచం కిందనే నిద్రలో పోయింది. అంత పోరాడిన పులికి ఆ మాత్రం ఘనత కూడా దక్కలేదు. మిగిలిన గోలీల అట్ట సజ్జ మీద ఇంకా ఉంది.

కొత్త ఫోనులో మర్నాడు పొద్దున ఏడింటికి గంట మోగింది. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. బాపు లేచి కూర్చుని గంట ఆపాడు. ఆయన ఎడమ చెయ్యి మంచం పక్కకు దిగి, సరిగ్గా ఒక కుక్క దవడంత ఎత్తులో ఆగింది. కాలం దాటిపోయిందని మనిషికి ఎవరో ఒకరు చెప్తారు, చేతికి చెప్పేవాళ్లెవరూ ఉండరు అనుకున్నాను. ఆ చెయ్యి ఇంకొంచెం కిందికి దిగి, అక్కడున్న బకెట్ అందుకుంది.

"సూస్తవేందిరా, బిందెలు దే."

మా వాడకు నల్లా నీళ్లు పొద్దున ఏడింటికి వస్తాయి. అరగంటే ఉంటాయి.