సబ్బుకు ఎర్రబడని పసుపు

నా కూతురు పుట్టాక మొదటి యాభై రోజులూ ఆమె ముఖం కంటే ఆమె పొత్తిగుడ్డలే ఎక్కువ చూశాను. తొలికాన్పు, కడపలో పుట్టిల్లు. భయపడటం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. కడుపుతో ఉన్నప్పటి నుంచే అందులో ఆరితేరాను.

పుట్టిన రెండు రోజులు బిడ్డ దొడ్డికి కాటుకలాంటి నల్లటి జిగురు పోయింది. అందరు పిల్లలకూ అంతేనని నర్సు చెప్పింది. మూడో రోజు ఆకుపచ్చగా పోతే నేను ఇల్లంతా గగ్గోలు పెట్టాను. వారం తిరక్కుండానే ఆవపిండి నీళ్లలో కలిపినట్టు పసుపుపచ్చగా, నలుసులు నలుసులుగా మారింది. "చనుబాలు తాగే బిడ్డకు ఇట్లే ఉండాల. ఇంగ ఊరికే ఉండు" అంది అమ్మ. నెల దాటాక నాలుగు రోజులు అసలు దొడ్డికే పోలేదు. నేను నాన్న అంగడికి పరిగెత్తి, అక్కడి ఫోన్ నుంచి పిల్లల డాక్టరుకు ఫోన్ చేశాను. పొట్ట మెత్తగా ఉందా, పాలు తాగుతోందా, గుడ్డలు బాగా తడుపుతోందా అని ఆయన అడిగాడు. అన్నిటికీ అవునన్నాను. తల్లిపాల పిల్లలు నెల దాటాక అలా నాలుగైదు రోజులు ఉండటం మామూలేనని నవ్వి ఫోన్ పెట్టేశాడు. అంగట్లో సరుకు కొనడానికి వచ్చినవాళ్లు కూడా నవ్వారు. "మనమరాలు దొడ్డికి పోయిందా అప్పా?" అని ఆ వారమంతా నాన్నను బజారులో పలకరించారట. ఆ సంగతి ఆయన ఇంటికొచ్చి అన్నం తింటూ చెబితే అమ్మకు నవ్వీ నవ్వీ పొలమారింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇక చచ్చినా ఎవరికీ ఏమీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

మాది పసుపు వ్యాపారం. ఊరి బిడ్డలకు నలుగులో చిటికెడు పసుపు పెడితే, మా ఇంటి బిడ్డకు గుప్పెడు. అమ్మ రోజూ పొద్దున్నే బిడ్డను కాళ్లమీద పడుకోబెట్టుకుని, నాన్న ఏరి తెచ్చిన కొమ్ముల పసుపు నూనెలో కలిపి ఒళ్లంతా రుద్దేది. చూడవచ్చినవాళ్లంతా బంగారు బొమ్మలా ఉందనేవారు. బిడ్డ కూడా ఒళ్లు చేసి ముద్దుగానే ఉండేది.

నలభై రోజులు దాటినప్పుడు గుడ్డలో రంగు వెలవెలబోవడం మొదలైంది. ముందు లేత పసుపు. తర్వాత నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిలా తెల్లగా, బూడిద కలిసినట్టు. చూసిన మొదటి రోజే ఇది మంచిది కాదనిపించింది. అయినా నోరు మెదపలేదు, నా చేతికొచ్చిన గుడ్డలు అమ్మ చూడకముందే చుట్టి పక్కన పడేశాను. బజారు నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. నేను తిన్న పత్యం కూటి వల్లేమో, రేపటికి అదే సర్దుకుంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. రేపు అనుకుంటూ పది రోజులు గడిపాను. బిడ్డ ఉచ్చ పోసిన చోట గుడ్డమీద పసుపు మరకలు పడేవి. అది ఒంటికి రాసిన పసుపేనని అందరం అనుకున్నాం. పసుపింట్లో పసుపు మరక చూసి ఎవరు అనుమానపడతారు?

గుడ్డలు ఉతికే చాకలామె ఒంటిమిట్ట తిరణాలకు పోయి రెండు రోజులు రాలేదు. బాలింత నీళ్లలో చెయ్యి పెట్టగూడదని అమ్మ కట్టడి. ఆమె వంటింట్లో ఉన్నప్పుడు నేనే బట్టల బండ దగ్గర కూర్చున్నాను. బిడ్డకు ఒళ్లు తుడిచిన తువ్వాలకు సబ్బు పట్టించగానే పసుపంతా ఎర్రబడింది. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఇంట్లో నడక రాని పిల్లకు కూడా తెలుసు. తర్వాత పొత్తిగుడ్డ అందుకున్నాను. మరకమీద సబ్బు రుద్దాను. పసుపు పసుపుగానే ఉంది. ఇంకోసారి రుద్దాను. ఇంకో గుడ్డ తీశాను. ఒక్కటీ ఎర్రబడలేదు. అంటే అది నలుగు పసుపు కాదు.

తడిచేతులతోనే రెండు గుడ్డలూ తీసుకెళ్లి, అంగడికి బయలుదేరుతున్న నాన్న ముందు పెట్టాను. ఆయన తానే సబ్బు తెప్పించుకుని మళ్లీ రుద్ది చూశాడు. "బిడ్డను ఈడికి తే" అన్నాడు. వాకిట్లో వెలుతురుకు తీసుకెళ్లి, బొటనవేలితో నెమ్మదిగా రెప్ప పైకెత్తాడు. కంటి తెల్లగుడ్డు పచ్చగా ఉంది.

"నలుగు పసుపు కండ్లలోకి పోదమ్మా" అన్నాడు నాన్న.

ఆసుపత్రిలో డాక్టరు బిడ్డకంటే ముందు గుడ్డ అడిగాడు. నేను సంచిలోంచి తెల్లటిది తీసి ఇచ్చాను. ఈసారి ఆయన నవ్వలేదు.

"ఇట్లా తెల్లగా ఎన్ని దినాల నుంచి పోతాండాది?"

అమ్మ, నాన్న ఇద్దరూ నావైపే చూస్తున్నారు. "రెండు దినాలు" అన్నాను.

కొందరు పసిపిల్లలకు కాలేయం నుంచి దొడ్డికి రంగునిచ్చే పైత్యరసం దిగే గొట్టం మూసుకుపోతుందట. అది పేగులోకి రాకపోతే దొడ్డి తెల్లగా ఉంటుంది. ఒంట్లో నిలిచిపోయి, ఉచ్చలో దిగితే పసుపు మరక పడుతుంది. నల్లదీ, ఆకుపచ్చదీ, నాలుగు రోజులు ఆగిందీ దేనికీ భయం లేదు కానీ తెల్లగా ఉంటే ఒక్క రోజు కూడా ఆగగూడదమ్మా అన్నాడాయన. ఆపరేషన్ రెండు నెలలు నిండకముందే జరగాలట. ఆరోజు యాభై రెండో రోజు. ఉన్నవాళ్లం ఉన్నట్టే మద్రాసు రైలెక్కాం. మా ఆయన కోడుమూరు నుంచి నేరుగా అక్కడికే వచ్చాడు.

దారి పొడుగునా ఒకటే లెక్క. అరవైలో యాభై రెండు పోతే ఎనిమిది. నేను మింగిన పది కలిపితే పద్దెనిమిది ఉండేవి. బిడ్డ నా ఒళ్లో పాలు తాగుతూ కళ్లెత్తి నన్నే చూసింది. ఆ పచ్చటి కళ్లలోకి చూడలేక కిటికీ వైపు తిరిగాను. నేనే చంపుకున్నాను అనుకున్నాను.

పరీక్షలు పూర్తయి ఆపరేషన్ జరిగేసరికి యాభై ఎనిమిదో రోజు. ఇంకో పది రోజులు ముందొచ్చి ఉంటే మరీ బాగుండేదని సర్జను అన్నాడు. ఇక చేయాల్సింది రంగు కోసం చూడటమేనన్నాడు. రంగు దిగితే దారి తెరుచుకున్నట్టు, అయినా మందులూ పరీక్షలూ ఏళ్ల తరబడి తప్పవని చెప్పాడు. వారం రోజులు తెల్లగానే ఉంది.

ఎనిమిదో రోజు పొద్దున అమ్మ గుడ్డ విప్పి, అట్లాగే నిలబడిపోయింది. పచ్చగా ఉంది. కొంచెమే, అయినా పచ్చగా ఉంది. ఆమె ఆ గుడ్డను కళ్లకద్దుకోబోయి, ఏం చేస్తోందో తెలిసి ఆగింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే చెప్పేశాను.

"అమ్మా, డాక్టరుతో అబద్ధం చెప్పినా. రెండు కాదు, పది దినాలు."

అమ్మ గుడ్డ మడత పెడుతూ నావైపు చూడలేదు. "నాకు తెలుసులేమ్మా. నేనూ చూస్తానే ఉంటి. నీ కంటబడకుండా ముందుగాలే తీసి చుట్టిపెడ్తాంటి. భయపడితే నీ పాలు ఇంకిపోతాయని."

ఆమెమీద అరవాలని నోరు తెరిచాను. అరవకుండా ఆ పచ్చటి గుడ్డను ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే మంచం పక్కన ఉండి, ఇద్దరం పది రోజులు ఆ తెల్లటి గుడ్డను ఒకరి నుంచి ఒకరం దాచిపెట్టాం.