గోడ వెనక అత్త

రైల్వే స్టేషన్లో ముప్పై ఏళ్లు బండ్ల రాకపోకలు మైకులో చెప్పి రిటైరైన ఆవిడకి మేనల్లుడి కంపెనీలో ఉద్యోగం దొరికింది. ఎవరు ఫోన్ చేసి ఏ చిక్కు చెప్పుకున్నా సలహా ఇచ్చే యంత్రం తమ దగ్గరుందని ఆ కంపెనీ ఊరంతా చాటింది. యంత్రం మాత్రం ఇంకా తయారు కాలేదు.

"రెండు నెలలే అత్తా. ఈలోగా నువ్వు గోడ వెనక కూర్చుని యంత్రంలా మాట్లాడితే చాలు," అన్నాడు మేనల్లుడు.

రెండు నెలలు రెండేళ్లయ్యాయి. జనానికి మేలే జరుగుతోంది కదా అని ఆవిడ మనసుకి సర్దిచెప్పుకుంది. ఇంట్లో మొగుడు "కూరేంటి?" అంటే, "మీ ప్రశ్న అందింది, దయచేసి వేచి ఉండండి," అనేది. ఆయన వేచి ఉండేవాడు.

మేనల్లుడు మొదట్లో ఆ గోడవైపు చూడ్డానికే సిగ్గుపడేవాడు. తర్వాత అలవాటు పడ్డాడు. ఆ తర్వాత అక్కడ నిజంగానే యంత్రం ఉందని నమ్మడం మొదలెట్టాడు. ఒక ఉదయం గోడకి ఇవతలి నుంచి తనే ఫోన్ చేశాడు.

"మేం చేసేది మోసమా?"

"మోసమేరా నాయనా," అంది ఆవిడ సొంత గొంతుతో.

కాసేపటికి అతను తలుపు తోసుకుని వచ్చాడు. "అత్తా, యంత్రం తప్పుడు జవాబులిస్తోంది. కాస్త చూడు." ముఖంలో వేళాకోళం లేదు.

ఆ వారమే పెట్టుబడి పెట్టేవాళ్లు పరీక్షించడానికి వచ్చారు. "నువ్వెవరు?" అని ఫోన్లో అడిగారు. ఆవిడ అప్పటికే తేల్చుకుని ఉంది.

"మనిషిని. అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులు. మీ గోడ వెనకే ఉన్నాను."

"ఎంత సహజంగా ఉందో," అంటూ ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు.

ఇక లాభం లేదని ఆవిడ లేచి వాళ్ల మధ్యకి వచ్చి నిలబడింది. "మాట్లాడింది నేనేనండీ."

"ఉండమ్మా, యంత్రం ఏదో చెప్పబోతోంది," అన్నాడింకొకాయన.

అందరూ ఫోన్ వంకే చూశారు. అది ఉలకలేదు, పలకలేదు.

"ఆలోచిస్తోంది," అన్నాడు మేనల్లుడు.

పావుగంట తర్వాత ఎవరో విసుగెత్తి గోడ వెనక్కి తొంగిచూశారు. అక్కడ ఓ కుర్చీ, నీళ్ల సీసా, ఆవిడ కళ్లజోడు కనిపించాయి. కంపెనీ మూతపడింది.

విచారణలో మేనల్లుడు ఒకటే మాట పట్టుకున్నాడు. "మా అత్త లేచి వచ్చేదాకా యంత్రం బాగానే పనిచేసిందండీ."

అధికారి ఆవిడని పిలిపించి, ఇతను అబద్ధమాడుతున్నాడా అని అడిగాడు.

"లేదు బాబూ. వాడికి అబద్ధమాడ్డం రాదు. ముందు తను నమ్మితేగాని నోరు పెగలదు."

అది రాసుకోవాలో వద్దో తెలియక అధికారి కలం పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ వాంగ్మూలం కాగితం మీద సంతకం పెట్టి, బస్సు వేళవుతోందని లేచింది.