కాగితం వెనకవైపు

మా నాన్న మనిషి మాట కన్నా కాగితాన్ని ఎక్కువ నమ్ముతాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్లుగా చేసినవాళ్లు చాలామంది అంతే. డ్రాయింగులో ఎంత ఉంటే అంత, ఒక నూలు ఎక్కువా కాదు, తక్కువా కాదు. కూరలో ఉప్పు కూడా కాగితం మీద రాసిస్తేనే వెయ్యనిస్తాడని అమ్మ వేళాకోళం చేస్తుంది.

రిటైరయ్యాక ఆయన ఖరగ్‌పూర్ ఊరి చివర రెండు బిఘాల పొలం, అంటే ఎకరంలోపే, కొన్నాడు. రైల్వే ఉద్యోగం కోసం శ్రీకాకుళం నుంచి వచ్చేస్తూ మా తాత వదిలేసిన వ్యవసాయాన్ని, ఈయన అరవై దాటాక పట్టుకున్నాడు. పక్క పొలం ఒక బెంగాలీ రైతుది. నాన్న ఆయన్ని వాళ్ల భాషలో అన్న అన్నట్టు దాదా అంటాడు. నీళ్లు ఇద్దరికీ దాదా బోరు నుంచే.

ఆ ఏడు ఎండాకాలపు వరికి నాట్లు పడ్డాక ఒక సంస్థవాళ్లు వచ్చి మీటింగు పెట్టారు. వరిమళ్లలో నీళ్లు నిలవుంటే మీథేన్ అనే గ్యాసు పుడుతుందట, దానివల్ల లోకం వేడెక్కుతోందట. అందుకని చిల్లులున్న పైపు మడిలో పాతి, అందులో నీరు నేలమట్టానికి ఆరంగుళాలు కిందికి దిగాకే మళ్లీ తడి పెట్టమన్నారు. దాదాకి ఒళ్లు మండిపోయింది. "పట్నంలో ఏసీలు పగలూ రాత్రీ తిరుగుతుంటే ఎవరూ అడగరు. నా బురదే లోకాన్ని కాల్చేస్తోందా? ముందు వాళ్లని కట్టెయ్యమనండి" అని బెంగాలీలో అరిచి లేచిపోయాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముందని నాకూ అనిపించింది.

నాన్న మాత్రం ఇంటికి వచ్చి, "ఉజ్జోగంలో సేరిన కొత్తల్లో బొగ్గింజన్లు బాగుసేసినాను. ఆ పొగలో నా సేతి పొగ కూడా ఉన్నాది కదా. ఇప్పుడు రవ్వంత తగ్గించమంటే తగ్గించలేనేటి?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో తప్పు చేసిన పిల్లాడి బెరుకు ఉంది. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు తలచుకుంటే ఆ నవ్వుకి సిగ్గుపడతాను.

వాళ్లు ఇచ్చిన పైపు చిల్లులు ఆయనకి నచ్చలేదు. ఖరిదా బజారులో వేరే పైపు కొని, గీతలు గీసి, వరసగా తానే డ్రిల్లు వేసుకున్నాడు. లోపల కొలవడానికి వర్క్‌షాపు నాటి స్టీలు స్కేలు తీశాడు. ఇక మీటింగులో పంచిన బెంగాలీ సూచనల కాగితం మిగిలింది. నాన్న బెంగాలీ గడగడా మాట్లాడతాడు గానీ చదవలేడు. స్కూల్లో నేర్చుకున్నదాన్ని నేను.

"సదివి సెప్పమ్మా" అని తెచ్చినప్పుడు నేను ఝపటాపూర్‌లో ట్యూషన్ చెప్పడానికి బయల్దేరుతున్నాను. ఒక చెప్పు అప్పటికే తొడుక్కున్నాను. ముందువైపు చదివి తెలుగులో చెప్పాను. తిప్పి చూస్తే వెనక నాలుగు లైన్లున్నాయి. అదే సోదిలే అనుకున్నాను.

"ఇంకేటైనా రాసినారా?"

"లేదు నాన్నా, అంతే."

నేల కనపడేలా మడి ఆరడం, మళ్లీ తడవడం, పైరు బాగానే పెరిగింది. పూత మొదలయ్యేసరికి వడగాలి పట్టుకుంది. దాదా తన మడి నిండా నీళ్లు పెట్టుకుని, మా గట్టు మీదికి వచ్చి మరీ చెప్పాడు, ఇప్పుడు ఆరబెట్టొద్దని. నాన్న పైపులో స్కేలు పెట్టి చూసి, ఇంకా నాలుగంగుళాలే దిగిందని, కాగితంలో ఆరు అని ఉందని జవాబిచ్చాడు. ఆరు దిగిన రోజున ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. నాలుగు రోజులు మోటారు తిరగలేదు. దాదా చేను నిలవ నీటితో గట్టెక్కింది. మాది మాడింది.

కోతలకి ముందు నాన్న ఒక కంకి తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. నలిపి చూస్తే దాదాపు అంతా తాలు. "ఈనగాసి నక్కల పాలు సేసినట్టయినాది" అంది అమ్మ. 

మర్నాడు నా ట్యూషన్ పుస్తకాల మీద ఆ కాగితం ఉంది, వెనకవైపు పైకి. పూత దశలో పొలం ఆరనివ్వకూడదు, నీరు నిలబెట్టాలి. ఉన్నది అంతే, నాలుగు లైన్లు. దాదా చేత చదివించుకున్నాడని అమ్మ చెప్పింది.  పెరట్లోకి వెళ్లి, "నాన్నా, ఆ వేళ నేను..." అన్నాను.

"తిన్నావేటమ్మా? తిను ముందు. పిల్లలు కాసుకుంటారు" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

తర్వాత కొన్నాళ్లకి ఆ సంస్థ నుంచి ఒక అమ్మాయి ఫారాలతో వచ్చింది. ఆమెకి హిందీయే వచ్చు, ఫారం బెంగాలీలో ఉంది. నన్ను రాసిపెట్టమంది. పంట దెబ్బతింటే కారణం ఏమిటి అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.

"రైతు సెప్పింది సరిగా ఇనలేదని రాయమ్మా" అన్నాడు నాన్న.

నేను ఆయన వైపు చూశాను.

"రాయి. కాయితం మంచిదే. నా సేను సూసి మిగతావోళ్లు మానీకూడదు." ఆ అమ్మాయి వైపు తిరిగి హిందీలో, "గల్తీ మేరా హై, బేటీ" అని తప్పు తనమీదే వేసుకున్నాడు.

ఆ అమ్మాయి పాపం అన్నట్టు తలూపింది. రైతు సూచనలు పాటించలేదు అని రాశాను. కింద నాన్న తెలుగులో సంతకం చేసి, "ఠీక్ హై" అని ఫారం ఇచ్చేశాడు. రైతులకి ఎంత చెప్పినా వినరని ఎవరైనా లెక్క తీస్తే, ఆ లెక్కలో మా నాన్న కూడా ఉంటాడు.

నేనేం రాశానో ఆయన చదవలేడు. ఆ గడిలో నిజం రాసినా ఆయనకి తెలిసేది కాదు. నేను రాయలేదు.