సుగుణక్క చేతి రొట్టె వద్దన్నది మనమే

నిన్న పొద్దున బ్యాంకుల కౌంటర్ మీద ఉన్న. ఫోన్ మోగింది. రాజన్న.

"చెల్లే, మీ అక్క పోయింది."

ఏ అక్క అని అడిగిన. నిజంగనే అడిగిన. అవతల ఆయన ఏడ్పు వినంగనే తెలిసింది.

సుగుణక్క. రాజన్న భార్య. మిల్లుల పని చేస్తచేస్తనే కుప్పకూలిందట. హాస్పిటల్‌కి తీస్కపోయేలోపే అయిపోయింది.

మన చర్చ్ వాట్సాప్ గ్రూప్ ఓపెన్ చేసి చూస్తే అప్పటికే మెసేజ్‌లు.

"Precious soul."
"ప్రార్థనా వీరురాలు."
గులాబి పువ్వు ఫోటో. దాని కింద పావురం.

ఫోన్ బోర్లా పెట్టేసిన. ఎందుకో చెప్తా. నన్ను గూడ కలుపుకొనే చెప్తా.

నేను ట్రాన్స్‌ఫర్ మీద సూరత్ వచ్చిన కొత్తల, ఇంట్ల ఒక్కదాన్నే. మాది పూజలు చేసే ఇల్లు, చర్చ్ అంటే ఏం తెల్వదు. మిల్లులున్న బమ్రోలిల ఆదివారం తెలుగోళ్ళు కూడుతరు అంటే, తెలుగు మాట వినబడ్తదని పోయిన. అంతే.

టైలర్ షాప్ పైన ఒక్క రూమ్. బోర్డు లేదు, మైక్ లేదు.

మెట్ల మీద నిలబడి తిరిగిపోదామా అనుకుంటున్న. పైనుంచి ఒకామె దిగొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఫస్ట్ టైమా చెల్లే? భయపడకు, ఏముంటదో నేన్ చెప్తా. చెప్పులు ఈడ ఇడువు. చాప మీద కూసో. పాట రాకపోతే చప్పట్లు కొట్టు. కండ్లు మూసుకోబుద్ధి కాకపోతే తెర్సుకునే ఉండు. యేసయ్య పేరు మీద పంచే రొట్టె దగ్గరికొస్తే తీసుకుంటవో లేదో నీ ఇష్టం, ఎవ్వరు నిన్ను చూడరు. ప్రసంగం జర లంబా ఉంటది. నిద్రొస్తే గోడకు ఒరుగు. చాయ్ తాగకుండ మాత్రం పోవద్దు."

అన్నీ ఆమె చెప్పినట్టే అయినయి. నిద్ర గూడ వచ్చింది.

ఆ రొట్టె అక్క పొద్దున్నే లేచి ఇంట్ల చేసేది. ప్లేట్ పట్టుకొని అందరి దగ్గరికి ఆమెనే వచ్చేది. నేను మొదటిసారి తీసుకున్నది ఆమె చేతులనుంచే.

ఆ చేతులు నీలంగ ఉండేవి. బట్టలకు రంగులేసే డైయింగ్ మిల్లుల రంగు డబ్బాలు కడిగే పని. ఎంత రుద్దినా గోర్ల సందుల రంగు పోదు. అది మురికి కాదు. రంగు.

తర్వాత మనం పెద్దోళ్ళమైనం. పైసలున్నోళ్ళుండే అడాజన్ నుంచి డాక్టర్లు, ఐటీ ఫ్యామిలీలు వచ్చిన్రు. ఆల్థాన్‌ల ఏసీ హాల్ తీసుకున్నం. కమిటీ పెట్టుకున్నం. బ్యాంక్ ఉద్యోగం కదా, నన్ను గూడ కమిటీల వేసిన్రు.

ఒక ఆదివారం కొత్త ఫ్యామిలీ వచ్చింది. అక్క ఎప్పటిలెక్కనే ఎదురుపోయి, ఆ మేడమ్ చెయ్యి పట్టుకొని "చెప్పులు ఈడ ఇడువమ్మా" అన్నది.

ఆ మేడమ్ కూర్చోంగనే పర్సుల నుంచి శానిటైజర్ తీసింది.

అక్క చూసింది. నేనూ చూసిన.

ఆ వారమే మీటింగ్. సెక్రటరీ బ్రదర్ అన్నడు: "హైజీన్ ఇష్యూ సిస్టర్. అక్క చేతులు చూస్తే కొత్తవాళ్ళకు అదోలా ఉంటది. వెల్‌కమ్‌కు యూత్‌ను పెడదాం. బ్రెడ్ బేకరీనుంచి తెప్పిద్దాం."

నేనేమన్న?

"ఓకే బ్రదర్" అన్న.

ఛీ.

కుష్ఠు రోగిని ముట్టుకున్న యేసు గురించి ఆ ముందటి వారమే వాక్యం విన్నం. "ఆమెన్" అని గట్టిగ అన్నం.

అక్క రావుడు మానలేదు. ఆఖరి వరస కుర్చీల కూర్చునేది. నేను ముందు వరస. నెలకొద్దీ అట్లనే.

ఒకరోజు బస్‌స్టాప్ కాడ దొరికితే ధైర్యం చేసి అడిగిన, "కోపమొచ్చిందా అక్కా?" అని.

"రాకుండెట్లుంటది? నువ్వు ఆ మీటింగుల ఉన్నవ్ గదా. ఒక్క మాట అనకపోతివి."

అంతే. బస్సెక్కి పోయింది. నేను సారీ చెప్పలే. వచ్చే వారం చెప్దామనుకున్న. ఆ వారం చెప్పలే, ఆ తర్వాత గూడ చెప్పలే.

నిన్న సెక్రటరీకి ఫోన్ చేసిన. "ఒక్క గంట అక్కను హాల్‌కి తీసుకొద్దాం బ్రదర్."

"ఓనర్ ఒప్పుకోడు సిస్టర్. ఆన్‌లైన్ ప్రేయర్ పెడదాం."

సీదా ఓనర్ దగ్గరికి పోయిన. ముసలి గుజరాతీ కాకా. ఆయన మొఖం చూడంగనే తెలిసింది, ఆయనకు ఈ సంగతే తెల్వదు. "నన్నెవరూ అడగనే లేదు బేన్. తీసుకురండి, నేనే తాళం తీస్తా" అన్నడు.

సెక్రటరీ చెప్పింది అబద్ధం. చచ్చిపోయిన మనిషి మీద గూడ అబద్ధం.

పరుగున పోయి రాజన్నకు చెప్పిన. ఆయన తల అడ్డంగ ఊపిండు.

"వద్దు చెల్లే. బతికున్నప్పుడు ఎనుకకు నెట్టిన్రు. ఇప్పుడు తీస్కపోయి ముందు పండవెట్టాల్నా? నేను పెట్ట."



ఈరోజు పొద్దున బమ్రోలిల వాళ్ళ గల్లీలనే ప్రార్థన అయింది. మిల్లుల అక్కతోని పనిచేసే ఒడియా ఆడోళ్ళు, పక్కింటి గుజరాతీ ముసలమ్మ, పాత రూమ్ వాళ్ళు కొందరు. పాట సగం మందికి రాదు, అయినా పాడిన్రు. గ్రూప్‌ల పువ్వులు పెట్టినోళ్ళల్ల ఒక్కరు రాలే. సెక్రటరీ బ్రదర్‌కు ఫంక్షన్ ఉందట.

రెండు మాటలు చెప్పమని రాజన్న నన్నే అడిగిండు. అక్క మంచిదని అందరికీ తెలుసు. అందుకే ఆ మీటింగ్ గురించి చెప్పిన. "ఓకే బ్రదర్" అన్నది నేనే అని అందరి ముందు చెప్పిన.

రాజన్న విన్నడు. ఆయన నన్ను మాఫ్ చేసిండని నేను అనుకుంటలేను.

గోరీల కాడినుంచి వచ్చి కమిటీకి రాజీనామా పంపిన. గ్రూప్‌ల పెడ్తున్న ఇది చదివి ఎవరికన్నా కోపమొస్తే రానీయండి. నాకు మీ మీద ఎంత రోత ఉందో, నా మీద అంతకన్న ఎక్కువుంది.

అక్కా, సారీ. లేట్ అయింది, తెలుసు.

పోయిరా. నువ్వు నమ్మినోడి దగ్గర నిమ్మళంగ ఉండు.